జేజినాయన దగ్గు

పోయిన నెల మా అమ్మాయి సుధ నన్ను కర్నూలులో ఒక నవ్వుల పాటల కచేరికి తీసుకుపోయింది. తీసుకుపోయింది అనడం కంటే లాక్కుపోయింది అనడమే నిజం. పాడేది ఇద్దరు కుర్రవాళ్ళు, ఒకడిది గిటారు, ఇంకొకడిది కీబోర్డు. కరెంటు కోతల మీద, కొత్త అల్లుళ్ళ మీద, మా సీమ ఎండల మీద, పెళ్ళి భోజనాల్లో తినేవాళ్ళ కుర్చీ వెనకే నిలబడి కాచుకునే వాళ్ళ మీద పాటలు కట్టి పాడతారు. అవి నాకు కొత్త కాదు. కడపలో మా ఆయనా నేనూ అన్నాలు తిన్నాక ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టుకుని చూసినవే. ఏ పాటలో ఎక్కడ కీబోర్డు అబ్బాయి ఆగుతాడో, ఎక్కడ గిటారు అబ్బాయి మూతి ముడుస్తాడో నాకు కంఠతా వచ్చు. ముసలితనంలో ఈ పిచ్చేమిటని ఎవరైనా అంటే అననీ, నాకేం సిగ్గు లేదు. మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి ఆ పాటల జోలికి పోలేదు. నేను నవ్వడమే మానేశానని సుధ దిగులు. నా భయం వేరు. ఆ పాటలు మొదలైతే వాటి వెనకే రావలసిన ఆయన నవ్వు రాదు. ఆ రాకపోవడాన్ని కూర్చుని వినడం నావల్ల కాదనుకున్నాను.

ఆయన నవ్వు గురించి చెప్పాలి. లోకంలో అందరూ గాలి బయటికి వదిలి నవ్వుతారు. ఆయన లోపలికి పీల్చి నవ్వేవాడు. నూనె వెయ్యని బావి గిలకలాగా మొదట ఒక కీచు, తర్వాత ఊపిరి ఆగిపోయిందా అన్నట్టు ఒక నిలుపు, చివరికి ముక్కుతో చిన్న గురక. ఆయన తన విత్తనాల అంగట్లో నవ్వితే ఎదురంగడి వాళ్ళు తలెత్తి చూసేవారు. సినిమా హాల్లో నవ్వితే ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే రకం. నవ్వు నాలుగు విధాల చేటు అని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన నవ్వినప్పుడల్లా తొడ గిల్లుతూనే వచ్చాను. గిల్లినకొద్దీ ఇంకా ఎక్కువ నవ్వేవాడు, అదొక మొండితనం.

హాలు కిటకిటలాడుతోంది. లైట్లు తీసేశారు. కాసేపటికి అల్లుడి పాట వచ్చింది. మా ఆయనకు ఆ పాటంటే ప్రాణం. అత్తగారింట్లో ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క కుర్చీ కోసం కొత్త అల్లుడు పడే తిప్పలు. కీబోర్డు అబ్బాయి ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు పలచబడుతూ ఉండగా, అందులోంచి గిలక కీచుమంది. తర్వాత నిలుపు. ఆ తర్వాత గురక. నా వెన్ను మీద ఎవరో చల్లటి నీళ్ళు ధార పోసినట్టయింది. గిరుక్కున వెనక్కి తిరిగాను. వెనక వరుసలో ఎవరో కాలేజీ పిల్లలు, ఫోన్ల వెలుగులో నీలంగా ఉన్న మొహాలు. వాళ్ళు నావైపే చూస్తున్నారు. పక్కన సుధ నా చేయి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. అంటే అదీ విన్నదన్నమాట.

పోయిన మనిషి గొంతును నవ్వుల కచేరిలో వినడం నాకిది రెండోసారి. మొదటిసారి విన్నప్పటికి నాకింకా పాలపళ్ళు ఊడుతున్నాయి.

మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. నాయనమ్మను మేము జేజి అంటాం, తాతను జేజినాయన అంటాం. మట్టి మిద్దె ఇల్లు, పైకప్పులో గవాచి. దానిలోంచి పడే వెలుగు వంటింట్లో పొగను కోసుకుంటూ దిగేది. ఇంటికీ గొడ్ల కొట్టానికీ మధ్య ఒకే గోడ. అందుకని మా ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా, నిద్రకు పడుకున్నా, జొన్న చొప్ప వాసన, పేడ వాసన, ఎద్దు ఊపిరి వాసన మాతోనే ఉండేవి. ఇప్పుడు కడపలో మా ఫ్లాటులో కొళాయి నీళ్ళ క్లోరిన్ వాసన తప్ప మరోటి లేదు. శుభ్రమే, కాదనను.

మా వైపు ఇంటి పెద్దలు ఎక్కడికీ చప్పుడు చెయ్యకుండా రారు. గడప అవతల నిలబడి, దగ్గి, అప్పుడు లోపలికి అడుగు పెడతారు. లోపలున్న కోడళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు, కూర్చున్నవాళ్ళు లేస్తారు. మామా కోడళ్ళు ఎదురుపడి మాట్లాడుకోని ఆ ఇళ్ళలో పిలుపు, పలకరింపు, హెచ్చరిక అన్నీ ఆ దగ్గే. జేజినాయనది రోగం దగ్గు కాదు, దర్జా దగ్గు. రెండు పొడి దగ్గులు, మధ్యలో ఒక గీరుడు, చివర "హూఁ" అని ఒక దీర్ఘం. ఆ దగ్గు వింటే మా అమ్మ చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి లేచి నిలబడేది. గోడకు అవతల కర్రోడు కూడా లేచేవాడు. కర్రోడు మా నల్ల ఎద్దు. తెల్లవారుజామున జేజినాయన కొట్టం వాకిట్లో దగ్గితేనే లేచి, మెడ గంట ఒకసారి ఆడించి, మేతకు మూతి పెట్టేది. వేరేవాళ్ళు ఎంత అదిలించినా చెవి కూడా కదిలించేది కాదు.

బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, పీకే కాలంలో జేజినాయన పోయాడు. మధ్యాహ్నం చేని నుంచి వచ్చి, గడప అవతల నిలబడి, దగ్గాడు. అమ్మ రొట్టె చేస్తున్నదల్లా లేచి కొంగు సర్దుకుని నిలబడింది. ఆయన లోపలికి రాలేదు. పెనం మీద రొట్టె మాడి పొగ లేస్తున్నా అమ్మ నిలబడే ఉంది, మామ రాకముందే కూర్చుంటే బాగుండదని. చివరికి నన్ను చూసి రమ్మంది. జేజినాయన గోడకు వీపు ఆనించి, చెప్పులు పక్కనే విడిచి, కూర్చుని ఉన్నాడు. నేను పిలిస్తే పలకలేదు. మాడిన జొన్నరొట్టె వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆ చెప్పులే కళ్ళ ముందుకొస్తాయి.

ఆ రోజుల్లో మొగుడు పోయిన ఆడమనిషిని మూల కూర్చోబెట్టేవారు. ఇంట్లో చీకటి గదిలో, తలుపు దగ్గరగా వేసి. పొద్దున్నే ఆమె మొహం ఎవరి కంటా పడకూడదు, ఆమె గడప దాటకూడదు. జేజిని అలాగే కూర్చోబెట్టారు. అన్నం కంచం లోపలికి పోయేది, వచ్చేది. జేజి గొంతు మాత్రం వినబడేది కాదు. అటు కొట్టంలో కర్రోడు మేత మానేసింది. డొక్కలు లోపలికి పోయాయి. మా నాయన బుడ్డ పిండి కలిపి పెట్టాడు, బెల్లం పెట్టాడు, వీపు నిమిరాడు. అది మోర నేలకు ఆనించి కళ్ళు మూసుకునేది.

దినాలు అయిపోయాక ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీస్తోంది. గోడ అవతల నుంచి రెండు పొడి దగ్గులు. ఒక గీరుడు. "హూఁ". కర్రోడి మెడ గంట మోగింది. అమ్మ గబుక్కున లేచి కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. తర్వాత ఆమెకు గుర్తొచ్చింది. పుల్ల ఆమె వేళ్ళ దాకా కాలుతున్నా విసిరెయ్యలేదు. ఆ వెలుగులో అమ్మ మొహం చూసి నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. పొద్దెక్కాక చూస్తే గాడిలో మేత ఉంది, కర్రోడు నెమరేస్తోంది. ఆ రోజు నుంచి ప్రతి తెల్లవారుజామునా అంతే. ఒకసారి నేను ఓర్చుకోలేక కొట్టం తలుపు సందులోంచి చూశాను. మసక చీకట్లో గాడి దగ్గర నల్ల కంబళి కప్పుకున్న ఒక వంగిన వీపు కనబడింది. కర్రోడు దాన్ని నాకుతోంది.

ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నిజమైపోతుందని భయం. నాయన అహోబిలం పోయి కుంకుమ తెచ్చి గడపకు పెట్టాడు, వాకిట్లో నిమ్మకాయలు కట్టాడు. దగ్గు ఆగలేదు. చివరికి ఒకనాడు అన్నం దగ్గర తేల్చేశాడు.

"ఆయన దాని కోసరమే వస్తాండాడు. ఎద్దును తోలేస్తే ఆయనా పోతాడు. తిరునాళ అయినంక సంతకు తోలుకపోతా."

మూల గదిలోంచి ఎన్నో రోజుల తర్వాత జేజి గొంతు వచ్చింది. "నన్ను గూడా అదే సంతకు తోల్రా నాయనా, ఇద్దరినీ కొంటే కొంటారు."

నాయన కంచం వదిలేసి లేచిపోయాడు. కర్రోడు ఆ ఇంట్లో ఉండేది ఇక తిరునాళ దాకానే.

తిరునాళ అంటే నాకు దస్తగిరప్ప, ఏటా పైఊరి నుంచి వచ్చి నవ్వుల పాటలు పాడే ఆయన. పేరు చూసి ముస్లిం అనుకోవద్దు, మా వైపు పీర్లకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఏ కులమైనా ఆ పేర్లే. హార్మోనీ పెట్టె, ఒక కంజీర, పక్కన డోలు వాయించే బామ్మర్ది. పాట మధ్యలో ఊళ్ళో వాళ్ళ గొంతులన్నీ అచ్చం వాళ్ళలాగే తీసేవాడు. మంగలి రాముడి నత్తి, కరణం తుమ్ము, గాజులమ్మే ఆమె అరుపు, అన్నీ రాగంలోకి వచ్చి కూర్చునేవి. ఆయన ఊరు విడిచి వెళ్ళాక కూడా నెలల తరబడి నేను చీపురు పుల్ల పట్టుకుని ఆ పాటలే కట్టేదాన్ని. ఈనాటి పిల్లలు ఎవరెవరికో అభిమానులమని చొక్కాలు వేసుకుని తిరుగుతుంటే నాకు వింతగా ఉండదు. ఆయన నమిలి ఊసేసిన కరక్కాయ ముక్కను నేను గౌను జేబులో దాచుకున్నదాన్ని. ఆయన పద్ధతి ఒకటుంది. ముందురోజు పొద్దుగూకినాక వచ్చి, ఎవరినీ లేపకుండా మా కొట్టంలో చొప్ప అటక మీద పడుకునేవాడు. మనిషి అసలు గొంతు నిద్ర లేచేటప్పుడే బయటపడుతుందని, అది విని నేర్చుకోవాలని ఆయన లెక్క. కచేరి నాడు తెల్లవారాక మాత్రం గొంతు దాచుకోవడానికి నోరు విప్పడు. కరక్కాయ బుగ్గన పెట్టుకుని, పలకరిస్తే తలూపి ఊరుకుంటాడు. ఆ ఏడూ అలాగే వచ్చాడు, అలాగే పడుకున్నాడు, అలాగే నోరు కట్టేసుకున్నాడు. పండగ పూట చావు కబురు ఆయన చెవిన వేసినవాళ్ళు లేరు.

కచేరి ఎప్పుడూ మా ఇంటి ముందున్న బయలులోనే. పొద్దు మునగగానే పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. వేపిన బుడ్డల వాసన, కిరసనాయిలు వాసన. నేను అన్నిటికంటే ముందు కూర్చున్నాను, హార్మోనీ గాలి నా మొహానికి తగిలేంత దగ్గరగా. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ అన్నీ మరచిపోయి నవ్వుతున్నాను. ప్రతి ఏడూ ఆఖరున ఒక వేడుక ఉండేది. ఆశ్రయమిచ్చిన మా ఇంటికి మర్యాదగా దస్తగిరప్ప జేజినాయన దగ్గును తీసేవాడు, జేజినాయన మా అరుగు మీద నుంచి అసలు దగ్గుతో జవాబిచ్చేవాడు. జనం ఈలలు వేసేవారు. ఆ ఏడు ఆయన లైట్ల వెలుగులోంచి మా అరుగు వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఏమి, మా పెద్దాయన అరుగు మింద కానరాడు?" అని, రెండు పొడి దగ్గులు దగ్గి, ఒకసారి గీరి, "హూఁ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో, మూసి ఉన్న మా కొట్టంలోంచి గంట మోగింది. కర్రోడు లేచింది.

ముందు వరుసలో ఒక పెద్దమనిషి మెల్లగా అన్నాడు. "దస్తగిరప్పా, ఆయప్ప పోయి నెల దాటె కదప్పా."

దస్తగిరప్ప నవ్వాడు. "ఎగతాళికి గూడా అట్లాంటి మాట అనగూడదప్పా. ఈ పొద్దు తెల్లారుజామున కొట్టంలో దగ్గితే వింటి గదా? పెద్దాయనా, నేనే, దస్తగిరిని అని అటక మిందనుంచి పలకరిస్తిని గూడా. హూఁ అని పాయ."

ఆయన నవ్వు ఒక్కటే ఆ బయల్లో తిరిగి, తిరిగి, ఆగిపోయింది. అప్పుడు ఆయనకు మా మొహాలు కనబడ్డాయి. హార్మోనీ మీదినుంచి చేయి జారింది, పెట్టెలోని గాలి ఒక మూలుగులా బయటికి పోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారు. మా నాయన లేచి నిలబడ్డాడు. "వింటిరా? అందరూ వింటిరా? రేపు తెల్లారకముందే ఎద్దును తోలేస్తా" అన్నాడు.

అప్పుడు మా ఇంటి గడప దగ్గరనుంచి దగ్గు వినబడింది. రెండు పొడి దగ్గులు, గీరుడు, దీర్ఘం. దస్తగిరప్పది నకలు. ఇది నకలు కాదు. ఊరు ఊరంతా ఒక్కసారిగా తల తిప్పింది. గడప మీద, పెట్రోమాక్సు వెలుగులో, నల్ల కంబళి కప్పుకుని, బొట్టు లేని మొహంతో జేజి నిలబడి ఉంది.

"దగ్గింది నేనప్పా, ఆయన గాదు. కర్రోడు మేత ముట్టకుండా ఎండిపోతాంటే సూడల్యాకపోతి. మీరు లేయకముందే పోయి, మేతేసి, వచ్చి మళ్ళా మూల కూసుంటాండా. మూల కూసోమంటిరి, కూసుంటి. ఎద్దును గూడా మూల కూసోబెడితే ఎట్లప్పా?"

మూల గడువు తీరకముందే గడప మీదికి వచ్చిన ఆడమనిషిని అదిలించడానికి ఊళ్ళో పెద్దలు నోళ్ళు తెరవబోయారు. ముందు కదిలింది దస్తగిరప్పే. చేతులు జోడించి, బొంగురు గొంతుతో అన్నాడు. "అమ్మా, ఇంకొక్కసారి దగ్గు తల్లీ. ఆ కడాకరి హూఁ నాకు యానాడూ కుదరల్యా."

ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత బయలంతా నవ్వింది, ఏడుపు కలిసిన నవ్వు. జేజి కూడా కంబళి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన తల వంచుకుని పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను అమ్మ కోసం వెతుక్కున్నాను. ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. అమ్మ ఒక్కతే కొంగు తలమీదికి లాక్కుని నిలబడి ఉంది.

కర్రోడిని అమ్మలేదు. జేజిని మళ్ళీ మూల కూర్చోమన్న మగాడూ లేడు. ఎద్దు బతికినన్నాళ్ళూ ఆమె ఎవరికీ దాచకుండానే వాకిట్లో దగ్గేది. దగ్గినప్పుడల్లా అమ్మ లేచి నిలబడేది. "జేజి అని తెలుసు గదమ్మా, ఏంటికి లేస్తావు?" అని అడిగాను. "నాకు తెలుసు మే. నా కాళ్ళకు తెల్యదు" అంది. భయం తీరిపోయిందని అందరూ అనుకున్నారు. నాకు తీరలేదు, ఎందుకంటే నేను జేజిని కూడా అడిగాను, అంత బాగా దగ్గడం ఎప్పుడు నేర్చుకున్నావని. ఆమె రొట్టెకు పిండి పిసుకుతూ చెయ్యి ఆపింది.

"నేర్చుకోల్యా. ఆ పొద్దు కర్రోన్ని పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిస్తి. అదే వచ్చె. నాకే భయమాయ."

ఆ మాట ఇన్నేళ్ళూ నాలో ఒక మూల కూర్చునే ఉంది. ఇప్పుడు పోయినవాళ్ళ గొంతులు ఎక్కడికీ పోవు. సుధ ఫోన్లో వాళ్ళ నాయన నవ్వు బోలెడంత ఉంది, పుట్టినరోజులదీ, మనవడి అన్నప్రాశనదీ. వినిపించనా అని ఎన్నోసార్లు అడిగింది, నేనే వద్దన్నాను. జేజికి ఆ సౌకర్యం లేదు. నాకు మూల లేదు. బొట్టు తియ్యమన్నవాళ్ళు లేరు, గడప దాటొద్దన్నవాళ్ళు లేరు. ఏడాదిగా తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నది నా అంతట నేనే.

హాల్లో అల్లుడి పాట చివరికి వచ్చింది. అల్లుడు ఎట్టకేలకు ఫ్యాను కింద కుర్చీ పట్టాడు, కరెంటు పోయింది. జనం విరగబడి నవ్వారు. ఈసారి గిలక చాలా దగ్గరలో కీచుమంది. చెవి పక్కన కాదు, ఇంకా దగ్గర. నిలుపు. గురక. గిటారు అబ్బాయి వాయించడం ఆపి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశాడు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఇందాకటి నుంచి ఈ సైడు ఒక పెద్దాయన నవ్వుతాండాడు. మా పాట కంటే ఆ నవ్వే శానా బాగుండాది. ఏమప్పా పెద్దాయనా, ఒక్కసారి చెయ్యెత్తప్పా, సూస్తాం!"

పెద్ద లైటు ఒకటి వరుసల మీదుగా వెతుక్కుంటూ వచ్చి మా దగ్గర ఆగింది. జనం మెడలు చాచి చూస్తున్నారు, మగవాడి కోసం. సుధ ఎవరి కోసమూ వెతకడం లేదు. ఎప్పుడు లేచిందో లేచి నిలబడి ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతుండగా నన్నే చూస్తోంది. నోటికి అడ్డం పెట్టుకోవలసిన కొంగు నా ఒళ్ళోనే ఉంది. లోపలికి పీల్చిన గాలికి నా గొంతు మండుతోంది.

నేను చెయ్యెత్తాను.